సినిమా, సీరియల్ నటి గురించి రాసేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలంటే

మన వైజాగ్‌లో సన్మానసభ సావనీర్ తీసినా, ఎవరో యూట్యూబ్‌లో బయోగ్రఫీ వీడియో పెట్టినా మొదటి లైన్ దాదాపు ఒకటే ఉంటుంది, "ఫలానా నటి కళాకారుల కుటుంబంలో జన్మించారు" అని. ఆ కళాకారులు ఎవరు, ఏం చేసేవారు అని అడిగితే రాసినోళ్ళకే తెలీదు. అందుకే నేను చెప్పేది ఏంటంటే కుటుంబం సంగతి ఆఖర్న రాయండి, ముందు ఆవిడ పని లెక్క తేల్చండి, ఎందుకంటే పని అనేది టైటిల్స్‌లో, పేపర్లో దొరుకుతుంది, కుటుంబం సంగతులు చాలావరకు నోటిమాటగా తిరుగుతుంటాయి.

సినిమా వేసుకుని టైటిల్స్ దగ్గర ఆపండి. పేరు ఎలా పడింది, పక్కన "తొలి పరిచయం" అని ఉందా లేదా, రాసుకోండి. టైటిల్స్‌కి ముందు వచ్చే సెన్సార్ సర్టిఫికెట్ మీద తేదీ ఉంటుంది, కానీ దాన్ని రిలీజ్ డేట్ కింద వేసేయొద్దు, డిసెంబర్లో సెన్సారై సంక్రాంతికి వచ్చిన సినిమాకి ఏడాదే మారిపోతుంది కదా. రిలీజ్‌కి పాత పేపర్లో సినిమా ప్రకటనే సాక్ష్యం. ఈనాడు 1974లో మొదలైందే మన విశాఖలో, కాబట్టి ఆ తర్వాతి సినిమాలకి మనోళ్ళకి కొంత సుళువు, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో యూనివర్సిటీ లైబ్రరీలోనో పాత పేపర్లు, సితార, విజయచిత్ర లాంటి సినిమా పత్రికలు ఏ ఏడాదివి ఉన్నాయో ముందు కౌంటర్లో అడిగి వెళ్ళండి, ఊరికే పొద్దంతా పోగొట్టుకోకుండా.

తర్వాత ఒక పట్టిక గీసుకోండి: ఏడాది, సినిమా, భాష, పాత్ర, ఆఖర్న "గొంతు ఎవరిది" అని ఇంకో గడి. ఈ గడి చాలామంది పెట్టరు, కానీ నా లెక్కలో ఇదే ముఖ్యం. సరిత గారినే తీసుకోండి. 1978లో బాలచందర్ తీసిన మరోచరిత్రతో వచ్చారు, ఆ సినిమా వైజాగ్, భీమిలి చుట్టూ తీసిందే, ఇక్కడ పెద్దవాళ్ళని కదిపితే చాలు కథలు కథలుగా చెప్తారు. అయితే నటించిన సినిమాల లిస్టు ఒక్కటే వేస్తే ఆవిడ కెరీర్లో పెద్ద భాగం ఎగిరిపోయినట్టే, విజయశాంతి లాంటి హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పింది ఆవిడే మరి. ఇంకోవైపు వేరేవాళ్ళు గొంతిచ్చిన నటిని "ఆవిడ డైలాగ్ డెలివరీ అద్భుతం" అని పొగిడేస్తుంటారు, అది చదివితే నాకైతే నవ్వొస్తుంది.

"మొదటి సినిమా" అని రాస్తే పక్కనే భాష కూడా రాయాలి. శోభిత ధూళిపాళకి మొదటిది హిందీలో 2016లో వచ్చిన రామన్ రాఘవ్ 2.0, తెలుగులో మొదటిది 2018లో గూఢచారి. రెండూ నిజమే, భాష రాయకపోతే మాత్రం కింద కామెంట్లలో కొట్టుకుంటారు. అవార్డుల్లో కూడా ఏ ఏడాది సినిమాకి వచ్చిందో అదే వేయండి, ప్రకటించిన ఏడాది కాదు. 2014, 2015, 2016 నంది అవార్డులు మూడూ కలిపి 2017 నవంబర్లో ప్రకటించారు, అప్పుడు రాసినోళ్ళు చాలామంది అన్నీ 2017లోనే పడేశారు.

ఇక టీవీ దగ్గరకొస్తే అసలు గందరగోళం అంతా ఇక్కడే. ఈటీవీ, జెమిని 1995లో మొదలయ్యాయి, మా టీవీ 2002లో, జీ తెలుగు 2005లో. "1992లో ఈటీవీ సీరియల్‌తో బుల్లితెరకి పరిచయం" అని ఎక్కడైనా కనిపిస్తే అక్కడే ఆగిపోండి, అది దూరదర్శన్ అయినా అయ్యుండాలి, లేదా ఏడాదైనా తప్పయ్యుండాలి. డబ్బింగ్ సీరియల్ అయితే రెండు వరసలు వేయండి. రాధిక గారి పిన్ని మనోళ్ళు తెలుగు సీరియల్‌లాగే చూశారు గానీ అది 1999లో సన్ టీవీలో మొదలైన చిత్తి, జెమినిలో మనం చూసింది దాని డబ్బింగ్. సీరియల్ మధ్యలో మనుషుల్ని మార్చేస్తుంటారు కాబట్టి ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చేశారో తెలిస్తేనే రాయండి. గెస్ట్‌గా వచ్చిన గేమ్ షోలు, వెబ్ సిరీస్‌లు వేరేగా పెట్టండి, సీరియల్స్‌లో కలిపేయకండి.

ఇప్పుడు కుటుంబం. ఇంటిపేరు చూసి చుట్టరికం కలపడం మన జనాలకి బాగా అలవాటు. సావిత్రి గారు పుట్టింది నిశ్శంకర వారింట, చిన్నప్పుడే తండ్రి పోతే పెంచింది పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య, అంటే సావిత్రి గారి తల్లికి అక్క భర్త. కొమ్మారెడ్డి సావిత్రి అని జనం పిలవబట్టి ఆయన్ని తండ్రికి అన్న కింద రాసేసినవి కూడా ఉన్నాయి. అందుకే ఎవరి తరఫు చుట్టమో తేల్చి రాయండి. ఆవిడ పుట్టిన తేదీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, అలాంటప్పుడు నచ్చిందేదో ఎంచుకోకుండా రెండూ వేసి ఎక్కడ చూశారో చెప్పండి. రాధిక గారికి ఎం.ఆర్. రాధా తండ్రి, నిరోషా చెల్లెలు, రాధారవి వేరే తల్లి బిడ్డ. ఇదంతా అందరికీ తెలిసిన విషయమే కాబట్టి రాయొచ్చు.

శోభితని "మన వైజాగ్ అమ్మాయి" అనుకుంటాం, తప్పేం లేదు, పెరిగింది ఇక్కడే, నాన్న మర్చంట్ నేవీ ఇంజనీర్, అమ్మ టీచర్. పుట్టింది మాత్రం తెనాలి. కాబట్టి పుట్టిన ఊరు, పెరిగిన ఊరు రెండు ముక్కలుగా రాయండి, మనూరి మీద ప్రేమతో తెనాలివాళ్ళ నోటికాడ ముద్ద లాక్కోకండి.

కులం, పిల్లల స్కూలు, ఇల్లెక్కడ, విడాకుల గొడవలు ఇవన్నీ ఆ నటి స్వయంగా ఇంటర్వ్యూలో చెప్పుకుంటే తప్ప ముట్టుకోవద్దు. "సన్నిహితుల సమాచారం" అన్న మాట కనిపిస్తే ఆ పేరా మొత్తం కొట్టేయండి.

ఫోటో ఇంటర్నెట్లోంచి లాగొద్దు, స్టిల్స్ మీద నిర్మాతకో ఫోటోగ్రాఫర్‌కో హక్కులుంటాయి. ఆవిడ మన వైజాగ్ ఆడిటోరియంలు కళాభారతికో గురజాడ కళాక్షేత్రానికో సభకి వస్తే వెళ్ళి అడిగి మీరే తీసుకోండి, కుదిరితే ఆ సినిమాల పట్టిక ప్రింట్ తీసి చేతికిచ్చి "అమ్మా, ఇందులో మీరు చెయ్యనివి ఏమైనా ఉన్నాయా" అనండి, ఏం వదిలేశాం అని అడిగితే గుర్తురాకపోవచ్చు గానీ చెయ్యని సినిమా పక్కన తన పేరు చూస్తే ఎవరైనా అక్కడికక్కడే పెన్ను అడుగుతారు.