చైనా జనరల్ కనబడటం లేదట! ఆ వార్తను ఎలా చదవాలి

ముందు ఒక నోటుబుక్కు తీసి, ఒక పేజీలో ఏడు పేర్లు రాసుకోండి. షీ జిన్‌పింగ్, ఝాంగ్ యూషియా, హే వెయిడాంగ్, లీ షాంగ్‌ఫు, లియు ఝెన్‌లీ, మియావో హువా, ఝాంగ్ షెంగ్‌మిన్. 2022 అక్టోబరులో చైనా కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభ కాగానే ఏర్పడిన సెంట్రల్ మిలిటరీ కమిషన్ ఇదే. సుమారు 20 లక్షల సైన్యం మీద కూర్చున్నది ఈ ఏడుగురే. జిన్‌పింగ్ ఛైర్మన్. ఆ తర్వాతి ఇద్దరూ వైస్ ఛైర్మన్లు. మిగిలిన నలుగురు సభ్యులు. ఒక్కో పేరు పక్కన కొంచెం జాగా వదలండి, తారీఖులు అక్కడ పడతాయి.

నేను ఆర్మీలో సుబేదార్‌గా రిటైరయి హనుమకొండలో ఉంటున్నాను. పొద్దున జేఎన్ఎస్ స్టేడియంకు పోతే, అగ్నివీర్ కోసం ప్రాక్టీసు చేసే పిల్లలు పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి వచ్చి ఉంటారు. పరుగు అయ్యాక షూ విప్పుకుంటూనే ఫోన్ నా ముఖం ముందు పెడతారు. "సార్, చైనాల ఇంకో జనరల్ మాయమైండట. ఇగ వాళ్ల పని అయిపోయినట్టేనా?" వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ సైన్యం ఎవరిదో తెలియాలి

మనం కసమ్ పరేడ్‌లో రాజ్యాంగం మీద ప్రమాణం చేస్తాం. ఢిల్లీలో ఏ పార్టీ గెలిచినా యూనిట్‌లో తెల్లారి పీటీ ఆగదు. పార్టీ మాట బ్యారక్‌లోకి రానే రాకూడదు. చైనాలో సంగతి వేరు. పీపుల్స్ లిబరేషన్ ఆర్మీ దేశానికంటే ముందు పార్టీది. 1927లోనే కంపెనీ స్థాయిలో పార్టీ శాఖలు పెట్టారు. 1929 డిసెంబరులో ఫుజియాన్ రాష్ట్రంలోని గుటియన్ అనే ఊళ్లో సమావేశమై, సైన్యం మీద పార్టీదే పైచేయి అని తేల్చుకున్నారు. 2014లో జిన్‌పింగ్ తన జనరళ్లందరినీ మళ్లీ ఆ గుటియన్‌కే తీసుకుపోయి అదే పాఠం చెప్పాడు. 2024 జూన్‌లో యెనాన్‌లో ఇంకోసారి చెప్పాడు. తుపాకులు ఎప్పుడూ పార్టీకి విధేయులైన, నమ్మదగిన వాళ్ల చేతుల్లోనే ఉండాలని.

ఉత్తర తెలంగాణలో నా ఈడు వాళ్లకు ఒక మాట గోడల మీద ఎర్ర అక్షరాల్లో చదివిన గుర్తు ఉంటుంది. తుపాకీ గొట్టంలోంచే రాజ్యాధికారం వస్తుందని. మావో 1938లో అన్న మాట అది. ఆ ప్రసంగంలోనే దాని వెంట ఇంకో ముక్క ఉంది. తుపాకీని పార్టీ నడపాలి, పార్టీని తుపాకీ ఎన్నడూ నడపకూడదు. మా ఊరి గోడల మీద ఈ రెండో ముక్క రాసినోళ్లు ఎవరూ లేరు. చైనా జనరళ్ల కథంతా ఉన్నది మాత్రం దాంట్లోనే. 1959లో రక్షణ మంత్రి పెంగ్ దెహువాయ్ మావోను విమర్శించి పదవి పోగొట్టుకున్నాడు. ఆయన కుర్చీలోకి వచ్చి, తర్వాత మావోకు వారసుడని ప్రకటించబడిన లిన్ బియావో 1971 సెప్టెంబరులో దేశం విడిచి పారిపోతూ మంగోలియాలో విమానం కూలి చనిపోయాడు.

యూనిట్‌లో ఇది ఎలా ఉంటుందంటే, మన దగ్గర సీఓ (కమాండింగ్ ఆఫీసర్) మాటంటే మాటే. అక్కడ రెజిమెంట్ నుంచి పైకి ప్రతి చోటా కమాండర్‌తో సమానంగా ఒక రాజకీయ కమిస్సార్, అంటే పార్టీ తరఫు అధికారి ఉంటాడు. పెద్ద నిర్ణయాలన్నీ ఇద్దరూ కూర్చునే పార్టీ కమిటీలో జరగాలి. ప్రమోషన్ ఫైలు కదిలేది రాజకీయ విభాగంలో. ఏసీఆర్ (ఏటా పనితీరు మీద పైఅధికారి రాసే రిపోర్టు) రాసేవాడి దగ్గర ఎంత బలం ఉంటుందో ఫౌజీకి వేరే చెప్పక్కర్లేదు.

లేనివాడిని వెతకండి

చైనా టీవీలో సభ చూపిస్తే, మాట్లాడేవాడిని వదిలేసి మొదటి వరుస చూడండి. సాయంత్రం గిన్తీలో హవల్దార్ చేసే పనే ఇది. ఉన్నవాళ్లను లెక్కపెట్టేదే లేనివాడెవడో పట్టుకోవడానికి.

అయితే ఏ సభ పడితే ఆ సభ పనికిరాదు. తప్పకుండా రావాల్సిన సభలు కొన్ని ఉంటాయి. మార్చిలో పార్లమెంటు సమావేశాలు, ఏప్రిల్ మొదట్లో మిలిటరీ కమిషన్ పెద్దలు చెట్లు నాటే కార్యక్రమం, జూలై 31 సాయంత్రం ఆర్మీ డే విందు, పార్టీ కేంద్ర కమిటీ ప్లీనం (పూర్తి సమావేశం), కొత్త జనరళ్లకు ర్యాంకు ఇచ్చే వేడుక. హే వెయిడాంగ్ సంగతే చూడండి. 2025 మార్చి 11న పార్లమెంటు ముగింపులో కనిపించాడు. ఏప్రిల్‌లో చెట్లు నాటే ఫొటోలో లేడు. చైనా సైన్యంలో రెండో వైస్ ఛైర్మన్ పార పట్టుకోవడానికి రాలేదంటే జ్వరం వచ్చిందని అనుకోవచ్చు. ఒక్కసారి రాకపోతే అంతవరకే అనుకోవాలి కూడా. కానీ తర్వాతి సభలోనూ లేడు, దాని తర్వాతా లేడు. అక్టోబరు 17న ప్రకటన వచ్చింది. ఆయన్ను, మియావో హువాను కలిపి మొత్తం తొమ్మిది మందిని పార్టీ నుంచి, సైన్యం నుంచి వెళ్లగొట్టారు.

నా లెక్క ఇది. ఒక సభకు రాకపోతే పెన్సిల్‌తో చుక్క పెట్టండి. వరుసగా రెండు ముఖ్యమైన సభలకు రాకపోతే ప్రశ్న గుర్తు. పేరు మీద గీత మాత్రం అధికారిక ప్రకటన వచ్చాకే.

కాగితాల వరుస

ఒక్క దెబ్బకు ఎవరినీ తీసేయరు. మెట్టు మెట్టుగా దింపుతారు. ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. మియావో హువాది చూస్తే అన్ని మెట్లూ కనిపిస్తాయి. రాజకీయ విభాగానికి అధిపతి, అంటే నేను పైన చెప్పిన ఫైళ్ల మనిషి. 2024 నవంబరు 28న రక్షణ శాఖ ప్రతినిధి ఆయన్ను విధుల నుంచి తప్పించి విచారిస్తున్నట్టు చెప్పాడు. 2025 ఏప్రిల్ 30న పార్లమెంటు సభ్యత్వం పోయింది. జూన్ 27న మిలిటరీ కమిషన్ నుంచి తీసేశారు. అక్టోబరు 17న పార్టీ నుంచి బహిష్కరణ. ఆ తర్వాతే మిలిటరీ ప్రాసిక్యూటర్, కోర్టు. కోర్టు దాకా పోయేటప్పటికి తీర్పు మీద ఎవరికీ అనుమానం ఉండదనుకోండి, అది వేరే మాట.

కొన్నిసార్లు మనిషి కంటే ముందు ఆఫీసు నుంచి వాసన వస్తుంది. 2023 జూలై 26న సైన్యానికి ఆయుధాలు కొనే విభాగం ఒక నోటీసు పెట్టింది. కొనుగోళ్లలో అక్రమాలు తెలిస్తే చెప్పండి, 2017 అక్టోబరు నుంచి జరిగినవన్నీ చూస్తామని. 2017 నుంచి 2022 దాకా ఆ విభాగం పెద్ద ఎవరు? లీ షాంగ్‌ఫు. నోటీసు వచ్చిన నాటికి ఆయన రక్షణ మంత్రి. ఆగస్టు 29న బీజింగ్‌లో ఆఫ్రికా దేశాల భద్రతా సభలో మాట్లాడాడు, అదే చివరిసారి కనబడటం. అక్టోబరు 24న మంత్రి పదవి పోయింది, మరుసటి ఏడు జూన్ 27న పార్టీ బహిష్కరణ. నోటీసులో పేరు లేకపోయినా సంవత్సరం ఉంది. మీరూ అలాగే సంవత్సరం చూసి, అప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో వెతకండి.

రక్షణ మంత్రి అనగానే మనవాళ్లు మన రక్షణ మంత్రిని ఊహించుకుంటారు. అక్కడ ఆ పదవి విదేశీ అతిథులతో చేయి కలపడానికే ఎక్కువ. సైన్యాన్ని కదిలించే అధికారం ఉన్నది మిలిటరీ కమిషన్‌కు. ఇప్పటి మంత్రి డాంగ్ జున్‌ను ఆ కమిషన్‌లోకి తీసుకోనే లేదు. అందుకే మంత్రి పోయిన వార్త కంటే వైస్ ఛైర్మన్ పోయిన వార్తకు ఎక్కువ బరువివ్వాలి.

డబ్బు అన్నారా, విధేయత అన్నారా

ప్రకటనలో "తీవ్రమైన క్రమశిక్షణ, చట్ట ఉల్లంఘన" అని ఉంటే మామూలు బాణీ. భారీ మొత్తాల లంచం అంటే డబ్బు. ఆ డబ్బు ఉత్త ఆరోపణ అనుకోకండి. గతంలో వైస్ ఛైర్మన్‌గా చేసిన షు కైహౌ మీద ప్రమోషన్ల కోసం లంచం తీసుకున్నాడని 2014లో కేసు పెట్టారు, విచారణ తేలకముందే జబ్బుతో పోయాడు. ఆయనతో పాటు పనిచేసిన గువో బోషియాంగ్‌కు 2016లో యావజ్జీవం పడింది. ర్యాంకులు అమ్ముకునే బజారు అక్కడ నిజంగా నడిచింది.

కానీ బజారు అందరిదైనప్పుడు, పట్టుకోవాల్సింది ఎవరిని, ఎప్పుడు అన్నది రాజకీయమే. కాబట్టి డబ్బు మాట పక్కన ఇంకేం రాశారో చూడండి. 2024లో మాజీ రక్షణ మంత్రి వీ ఫెంఘేను వెళ్లగొడుతూ, విశ్వాసం కూలిపోయింది, విధేయత తప్పాడు అని రాశారు. ఆయన రాకెట్ ఫోర్స్ మొదటి కమాండర్. నేల మీది నుంచి ప్రయోగించే అణు క్షిపణులు ఆ ఫోర్స్ చేతిలో ఉంటాయి. 2023 జూలై 31న ఆ ఫోర్స్ కమాండర్‌నూ కమిస్సార్‌నూ ఒకేసారి మార్చి, నేవీ నుంచి ఒకరిని, ఎయిర్‌ఫోర్స్ నుంచి ఇంకొకరిని తెచ్చి పెట్టారు. సొంత ఇంట్లో నమ్మకస్తుడు దొరకలేదన్నమాట. నేవీ నుంచి తెచ్చిన వాంగ్ హౌబిన్ కూడా 2025 అక్టోబరు నాటి తొమ్మిది మందిలో ఉన్నాడు!

2026 జనవరి 24న మొదటి వైస్ ఛైర్మన్ ఝాంగ్ యూషియా, జాయింట్ స్టాఫ్ అధిపతి లియు ఝెన్‌లీ మీద విచారణ అని రక్షణ శాఖ చెప్పింది. ఆ ఒక్క వాక్యంతో ఏమీ అర్థం కాదు. మరునాడు సైన్యం సొంత పత్రిక రాసిన సంపాదకీయం చదవాలి. ఛైర్మన్ బాధ్యతా వ్యవస్థను తొక్కేశారని అందులో ఉంది. అంటే సైన్యంలో ఆఖరి మాట ఛైర్మన్‌దే అనే నియమం. 1982 రాజ్యాంగంలో ఉన్నదే, 2017లో పార్టీ నిబంధనావళిలోకీ ఎక్కించారు. లంచగొండిని తిట్టే మాట కాదిది, మాట వినని మనిషి మీద పెట్టే కేసు. అదే సమయంలో ఝాంగ్ అణు రహస్యాలు అమెరికాకు చేరవేశాడన్న ఆరోపణను ఒక అమెరికా పత్రిక రాసింది. అధికారిక రాతలో ఆ ఊసు లేదు. దాన్ని వేరే పేజీలో రాసుకోండి, దీనితో కలపకండి.

జనవరి 24 నాటికి మన ఏడు పేర్లలో గీత పడనివి రెండే. ఛైర్మన్, ఇంకా క్రమశిక్షణ విభాగం నడిపే ఝాంగ్ షెంగ్‌మిన్. 2025 అక్టోబరులో ఆయన్నే వైస్ ఛైర్మన్ చేశారు. పట్టుకునేవాడు మిగిలాడు.

"వాళ్ల మనిషే కదా" అని తేల్చేయకండి

యూట్యూబ్ వాళ్లకు ఇది బాగా అలవాటు. ఫలానా జనరల్ జిన్‌పింగ్ మనిషి, ఫలానా వాడు వ్యతిరేక గ్రూపు అని గీత గీసేస్తారు. ఝాంగ్ యూషియా తండ్రి, జిన్‌పింగ్ తండ్రి అంతర్యుద్ధంలో కలిసి పోరాడారు. 72 ఏళ్లు దాటినా 2022లో ఆయన్ను పదవిలో ఉంచింది జిన్‌పింగే. 1979లో వియత్నాం యుద్ధం చూసిన మనిషి, అలాంటివాళ్లు పైస్థాయిలో ఎక్కువ మంది లేరు. మియావో హువా, హే వెయిడాంగ్ ఇద్దరూ ఫుజియాన్‌లో ఉన్న దళం నుంచి వచ్చినవాళ్లు, జిన్‌పింగ్ పదిహేడేళ్లు పనిచేసిన రాష్ట్రం అది. వాళ్లను ఎక్కించింది ఆయనే, దింపిందీ ఆయనే. ఒకడి చేతుల మీదుగా వేలమంది ప్రమోషన్ తీసుకుంటే, వాళ్లు మొక్కేది అతనికే. పైవాడికి కోపం వచ్చేది అక్కడే అని నాకనిపిస్తుంది. మియావో పడిపోయాక ఆయన సంతకంతో ఎదిగిన ప్రతి అధికారికీ నిద్ర పట్టి ఉండదు.

పుకార్ల సంగతి క్లుప్తంగా. 2022 సెప్టెంబరులో జిన్‌పింగ్‌నే హౌస్ అరెస్టు చేశారని, బీజింగ్ వైపు 80 కిలోమీటర్ల సైనిక కాన్వాయ్ పోతున్నదని మన దేశంలోనే తెగ తిప్పారు. మా ఎక్స్-సర్వీస్‌మెన్ గ్రూపులో కూడా వచ్చింది, అదీ మంచి ర్యాంకులో రిటైరైన వాళ్ల నుంచి. సెప్టెంబరు 27న ఆయన ఒక ఎగ్జిబిషన్‌లో కనిపించాడు, ఆ మరుసటి నెలలో మూడోసారి నాయకుడయ్యాడు. 2024 నవంబరులో డాంగ్ జున్ మీద విచారణ అని పెద్ద విదేశీ పత్రికే రాసింది. ఆయన మళ్లీ కనిపించాడు, పదవిలోనే కొనసాగాడు.

మరి వాళ్ల పని అయిపోయినట్టేనా

కాదు. తైవాన్‌కు ఎదురుగా ఉండే ఈస్టర్న్ థియేటర్ కమాండర్ లిన్ షియాంగ్‌యాంగ్‌ను 2025 అక్టోబరులో వెళ్లగొట్టారు. డిసెంబరు 29, 30 తేదీల్లో అదే కమాండ్ తైవాన్ చుట్టూ పెద్ద విన్యాసాలు చేసింది. నేను లదాఖ్‌లో పోస్టు మీద ఉన్నవాడిని. బీజింగ్‌లో జనరల్ మారితే ఎదుటి పోస్టులో సిపాయి ఇంటికి పోడు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు అమరుడైనప్పుడు ఎదురుగా ఉన్నది ఈ సైన్యమే.

అయితే నష్టమేమీ లేదనడం కూడా తప్పే. పైవాడికి చేదు నిజం చెప్పాలంటే కింది అధికారి పదిసార్లు ఆలోచిస్తాడు. ఆయుధం సరిగ్గా లేదని రాస్తే, కొన్నవాడిని పట్టించినట్టు. అలాంటి చోట రిపోర్టులన్నీ అందంగా ఉంటాయి. అది యుద్ధం వచ్చేదాకా బయటపడదు, మనకూ తెలియదు, వాళ్లకూ తెలియదు. నాకైతే బలహీనమైన చైనా కంటే, తన బలమెంతో తనకే తెలియని చైనాతోనే ఎక్కువ భయం.

ఇక ముందు 2027 ఆగస్టు 1న ఆ సైన్యానికి నూరేళ్లు, అదే ఏడాది పార్టీ 21వ మహాసభ. ఖాళీ అయిన కుర్చీలను అప్పటిదాకా అలాగే ఉంచుతారా, మధ్యలో నింపుతారా చూడండి. నింపితే, వచ్చినవాడు ఎవరి మనిషి అని అడగకముందు ఏ విభాగం నుంచి వచ్చాడో చూడండి. ఫైళ్ల వైపు నుంచా, విచారణల వైపు నుంచా, ట్రూపులను నడిపిన వైపు నుంచా.