డీబీ బాక్స్ మూత వంకరగా కూర్చుంటోందా?

పర్లాకిమిడిలో మా మేడమీది డీబీ బాక్స్ (ఇంట్లోకి వచ్చే కరెంటుని గదులకి పంచే స్విచ్చుల పెట్టె) మూత చాలాకాలం ఒక పక్కకి లేచే ఉండేది. స్క్రూలు బిగించేకొద్దీ ఎంసీబీల (లోడు ఎక్కువైతే వాటంతటవే పడిపోయే స్విచ్చుల) మీటలు మూత కంతకి రాసుకునేవి. తీరా చూస్తే తప్పు మూతది కాదు. ఎంసీబీలు కూర్చునే 35 మిల్లీమీటర్ల రైలు పట్టీ ఒక చివర కిందికి జారింది. దాని స్క్రూలు కాస్త వదులు చేసి, మూత ఆనించి చూసుకుంటూ జరిపి బిగిస్తే సరిపోయింది. ప్లాస్టరింగ్‌లో బాక్స్ మరీ లోపలికి పోతే పొడుగు స్క్రూలు కావాలి. మొన ఉన్నవి మాత్రం వద్దు, వెనక వైరు తొడుగు చీరేస్తాయి.

అసలు జాగ్రత్త ఒకటుంది. బాక్స్‌లో మెయిన్ దించినా, దానికి వచ్చే వైరులో 230 వోల్టులు ఉంటూనే ఉంటాయి. అందుకని మీటరు దగ్గరే కరెంటు ఆపాలి. మా వైపు వానాకాలం కరెంటు సంగతి తెలిసిందే కదా, ఇంటింటా ఇన్వర్టరే! దాన్నీ ఆపండి. టెస్టర్ పనిచేస్తోందో లేదో కరెంటు ఆపకముందే ఏదో ఒక ప్లగ్గులో చూసుకోండి, మూత తీశాక దానితోనే మళ్లీ పరీక్షించండి. మీటరు దగ్గర స్విచ్ లేకపోతే ఎలక్ట్రీషియన్ని పిలవడమే. ఇనప మూతకి పచ్చ ఎర్త్ వైరు ఉంటే తిరిగి తగిలించడం మర్చిపోకండి.