వీపున బరువుతో నడక: సంచి సర్దడంలోనే సగం పని

రోజూ పొద్దున్నే నాలుగైదు కిలోమీటర్లు నడిచేవాళ్లకి ఏడాది తిరిగేసరికి నడక ఒంటికి అలవాటైపోతుంది. ఆయాసం రాదు, చెమట పెద్దగా పట్టదు. పరుగెత్తుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు, జిమ్ముకి వెళ్దామంటే టైము కుదరదు. అలాంటివాళ్లకి పనికొచ్చే సరంజామా ఇంట్లోనే ఉంటుంది: పిల్లలు వదిలేసిన పాత బ్యాగు, అందులో ఒక బియ్యం ప్యాకెట్టు. దీన్ని ఇప్పుడు రకింగ్ అంటున్నారు. సైనికులు వీపున వేసుకునే రక్‌శాక్ నుంచి పుట్టిన పేరు.

మొదట క్యాలరీల సంగతి. బరువుతో నడిస్తే రెండింతలు, మూడింతలు ఖర్చవుతాయని రీల్సులో ఊదరగొడుతుంటారు. చదును నేల మీద అంత ఉండదు. బరువు మోస్తూ నడిచే మనిషికి ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టడానికి 1977లో అమెరికా సైన్యపు పరిశోధకుడు పాండాల్ఫ్, ఆయన సహచరులు ఒక సూత్రం ఇచ్చారు. దాని ప్రకారం 70 కిలోల మనిషి గంటకు 5 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద నడిస్తే గంటకు సుమారు 265 క్యాలరీలు. వీపున 10 కిలోలు వేస్తే దాదాపు 290. పెరిగింది పదోవంతే. అదే మనిషి సంచి లేకుండా, 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు మీద అదే వేగంతో నడిస్తే 410, సంచితో అయితే 460. లెక్క కాస్త అటూ ఇటూ అయినా విషయం అర్థమైపోతుంది: ఒళ్లు తగ్గడమే మీ లక్ష్యమైతే బరువు పెంచడం కంటే ఎత్తున్న దారి వెతుక్కోవడం మేలు.

మరి బరువు దేనికంటే, కండరాలకి. పిక్కలు, తొడలు, పిరుదులు, ముఖ్యంగా నడుము చుట్టూ ఉండి మనిషిని నిటారుగా నిలబెట్టే కండరాలు గంటసేపు విడవకుండా పనిచేస్తాయి. చేతులకి, ఛాతీకి మాత్రం ఒరిగేదేమీ లేదు. వాటికి వారంలో రెండు రోజులు దండీలు వేరే తీయాల్సిందే.

ఇది అందరికీ కాదు. డిస్కు జారినవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు దీని జోలికి పోవద్దు. బీపీ అదుపులో లేనివాళ్లు, గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు. షుగరుకి ఇన్సులిన్ గానీ, షుగరు బాగా పడిపోయే అవకాశమున్న మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో గ్లూకోజో, నాలుగు పంచదార బిళ్లలో పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, ఎందుకంటే స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు. మిగతావాళ్లకి ఒక చిన్న పరీక్ష: ఖాళీ చేతులతో 5 కిలోమీటర్లు గంటలోపు హాయిగా నడవగలరా? లేకపోతే ముందు ఆ పని చూడండి. బియ్యం ఎక్కడికీ పోదు.

సంచి

25 నుంచి 30 లీటర్ల బ్యాగు చాలు. పెద్దది కొంటే లోపల బరువు దొర్లుతుంది. పట్టీలు కనీసం మూడు వేళ్ల వెడల్పుండి, లోపల మెత్త ఉండాలి. ల్యాప్‌టాప్ అర ఉన్న బ్యాగు దొరికితే మరీ మంచిది, దాని ఉపయోగం కింద చెబుతాం. కొత్తదైనా పాతదైనా పట్టీ పైకొస బ్యాగుతో కలిసేచోట కుట్టు చూడండి. చవక బ్యాగులు తెగేది అక్కడే. అనుకున్న బరువుకి రెండు కిలోలు ఎక్కువ వేసి, ఒక్క పట్టీతో ఎత్తి అర నిమిషం పట్టుకోండి. దారాలు సాగినట్టు కనిపిస్తే రోడ్డెక్కే ముందే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లి రెండు వరసలు కుట్టించండి.

లోపల ఏం వేయాలన్నదానికి చాలా జవాబులున్నాయి. బియ్యం మంచిది, ఒంటికి అమరుతుంది. ప్యాకెట్టుని ఇంకో మందపాటి కవర్లో పెట్టి టేపు చుట్టాలి, లేకపోతే చెమట తేమకి ముక్కిపోతుంది. ఇసుక చవక, కానీ తడి ఇసుక ఎండాక తేలికవుతుంది కాబట్టి ఎండబెట్టాకే తూచాలి. ఇటుకకి అంచులుంటాయి. తువ్వాలు చుట్టకుండా వేస్తే పది నిమిషాల్లో వెన్నుపూసకి గుచ్చుకుంటుంది. జిమ్ముల్లో వాడే ఇనుప ప్లేట్లు పలచగా ఉంటాయి కాబట్టి వీపుకి అతుక్కుని కూర్చుంటాయి, ఖర్చు పెట్టగలిగితే వాటిని మించింది లేదు. మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకి మాత్రం మా ఓటు నీళ్ల సీసాలకే. లీటరు అంటే కిలో, తూకం అక్కర్లేదు. దారిలో తట్టుకోలేకపోతే ఒక సీసా ఏ చెట్టు మొదట్లోనో పోసేసి తేలికపడొచ్చు. అంచు దాకా నింపండి, సగం సీసా అయితే అడుగడుగుకీ తొణుకుతూ నడకని ఆగం చేస్తుంది.

ఇప్పుడు అసలు పని. బరువంతా బ్యాగు అడుక్కి జారితే పట్టీలు భుజాలని వెనక్కి లాగుతాయి. దాన్ని సరిచేయడానికి మనిషి నడుము దగ్గర ముందుకి వంగుతాడు. ఆ సాయంత్రం నడుం నొప్పి. అందుకని అడుగున ఏ బరువూ లేని పాత దుప్పటో, దిండో కుక్కండి. దాని మీద, వీపుకి ఆనుకుని బరువు పెట్టండి. ల్యాప్‌టాప్ అర ఉంటే ఆ బియ్యం ప్యాకెట్టుని పలచగా పరిచి అందులోకి దించితే వీపుకి బెత్తెడు దూరం కూడా జరగదు. బయటివైపు మిగిలిన ఖాళీలో తువ్వాలు గట్టిగా కుక్కండి. బ్యాగు తగిలించుకుని రెండుసార్లు గెంతి చూడండి. లోపల ఏదీ కదలకూడదు, చప్పుడు రాకూడదు. బరువు రెక్క ఎముకల మధ్య కూర్చున్నట్టుంటే సరిగ్గా సర్దినట్టు. పిరుదుల మీద కొట్టుకుంటుంటే పట్టీలు లాగి బిగించాలి.

మొత్తం ఎంతుందో తెలియాలంటే సంచితో ఒకసారి, లేకుండా ఒకసారి బరువు మెషీన్ ఎక్కి తీసేయండి. బ్యాగు బరువూ లెక్కలోదే.

ఛాతీ పట్టీ కాలర్ ఎముకలకి నాలుగు వేళ్ల కింద ఉండాలి. ఊపిరి నిండా పీల్చినప్పుడు బిగుసుకుంటే ఒక మెట్టు వదులు చేయండి. ఆ పట్టీ లేని బ్యాగుకి రెండు భుజాల పట్టీలనీ కలుపుతూ ఒక వెడల్పు నాడా కట్టేస్తే అదే పని చేస్తుంది. నడుము బెల్టు ఉంటే పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద బిగించాలి. 8 కిలోల లోపు అది లేకపోయినా ఫరవాలేదు.

ఎత్తుకోవడం, నడవడం

నేల మీదున్న సంచిని ఒక చేత్తో లాగి, నడుం తిప్పి భుజాన వేసుకోవడం ఆటో ఎక్కేటప్పుడు అందరూ చేసేదే. నడుం పట్టేసేది కూడా ఆ ఒక్క క్షణంలోనే. అరుగు మీదో, బల్ల మీదో పెట్టండి. వీపు దానివైపు తిప్పి, కొంచెం మోకాళ్లు వంచి, రెండు చేతులూ పట్టీల్లో దూర్చి లేవండి. దించడమూ అలాగే.

నడిచేటప్పుడు చూపు ముప్పై అడుగుల దూరంలో ఉండాలి. కాళ్ల వైపు చూస్తే మెడ ముందుకి పోతుంది, మెడ వెంట భుజాలు పోతాయి. ఎత్తు మీద ముందుకి వాలాల్సి వస్తే చీలమండ నుంచి ఒళ్లంతా ఒక్కటిగా వాలాలి, నడుం దగ్గర విరగకూడదు. అంగలు మామూలు కంటే చిన్నగా, త్వరత్వరగా వేయండి. పెద్ద అంగ వేస్తే మడమ మీద బరువంతా ఒక్కసారిగా పడుతుంది. పట్టీలు పట్టుకుని నడవడం చాలామందికి అలవాటు. చేతులు వదిలేసి ఊపండి. పక్కనున్న మనిషితో వాక్యం తెగకుండా మాట్లాడగలిగితే వేగం సరిపోయినట్టు. సంచితో పరుగు మాత్రం వద్దు.

కింద చెప్పింది సుమారు 70 కిలోల మనిషికి. మీ బరువుని బట్టి తగ్గించుకోండి, హెచ్చించుకోండి.

1, 2 వారాలు: 4 కిలోలు, 30 నిమిషాలు, వారానికి రెండుసార్లు.
3, 4 వారాలు: అదే 4 కిలోలు, 45 నిమిషాలు.
5, 6 వారాలు: 6 కిలోలు, మళ్లీ 35 నిమిషాలకి తగ్గాలి.
7, 8 వారాలు: 6 కిలోలు, గంట.
9వ వారం: 4 కిలోలు, అరగంట. విశ్రాంతి వారం.
10 నుంచి 12: 8 కిలోలు, 40 నిమిషాలతో మొదలై గంట దాకా, వారానికి మూడుసార్లు మించకుండా.

బరువు, సమయం రెండూ ఒకే వారంలో పెంచకూడదు. మూడో వారానికే "ఇంతేనా" అనిపిస్తుంది, ఎక్కువమంది దెబ్బతినేది ఆ తొందరలోనే. కండ త్వరగా గట్టిపడుతుంది. దాన్ని ఎముకకి పట్టి ఉంచే తాళ్లలాంటి బంధాలు (టెండన్లు), ఎముక నెలలు తీసుకుంటాయి. ఆరోగ్యం కోసం నడిచేవాళ్లకి 10 కిలోలు దాటాల్సిన అవసరం కనబడదు. వరసగా రెండు రోజులు సంచి వేయొద్దు, మధ్య రోజు ఖాళీగా నడవండి.

ఎత్తు, మెట్లు

తిరుమలకి నడిచి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది మంచి తయారీ. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో 2,388. ఐదంతస్తుల అపార్టుమెంటులో అంతస్తుకి ఇరవై మెట్లు వేసుకుంటే ఒక ఎక్కుడు వంద మెట్లు. అలిపిరికి సాటిరావాలంటే ముప్పై ఆరు ఎక్కుళ్లు. అన్నీ ఒకేరోజు కాదు. 4 కిలోలతో ఐదు ఎక్కుళ్లతో మొదలుపెట్టి, వారానికి రెండు పెంచుకుంటూ పోండి.

మోకాలు పాడయ్యేది ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే. అందుకని లిఫ్టు ఉంటే సంచితో మెట్లెక్కి లిఫ్టులో దిగండి, ఎవరు నవ్వినా సరే. గుట్టల మీదికి పోయేవాళ్లు నీళ్ల సీసాలు మోసుకెళ్లి, పైన మొక్కలకి పోసేసి ఖాళీ సంచితో దిగిరావచ్చు.

ఎండ

మన దగ్గర ఫిబ్రవరి దాటితే అసలు శత్రువు బరువు కాదు, వేడి. వీపంతా సంచి కప్పేస్తుంది కాబట్టి అక్కడి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉక్క దీనికి తోడు. ఏప్రిల్, మే నెలల్లో ఆరున్నరకల్లా ఇంటికి చేరేలా బయల్దేరండి, బరువు సగానికి తగ్గించండి. నడకకి ముందు, తర్వాత ఒంటిబరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది: ఒక కిలో తగ్గితే ఒక లీటరు. 70 కిలోల మనిషి కిలోన్నర తగ్గాడంటే నడక మధ్యలో నీళ్లు చాలలేదన్నమాట. ఇంటికొచ్చాక ఉప్పేసిన పలచటి మజ్జిగ మంచిది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, ఎండలో చలి పుట్టడం, వీటిలో ఏది కనిపించినా సంచి అక్కడే దించి నీడకి చేరండి.

తెల్లవారుజామున ఇంకో చిక్కు వీధి కుక్కలు. రోజూ చూసే మనిషైనా వీపున మూట ఉంటే వాటికి కొత్తే. పరుగెత్తకుండా ఆగి, నెమ్మదిగా దాటండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బళ్లు కనిపించేలా కుడివైపు నడవండి.

ఎక్కడ నొప్పి, ఎందుకు

చేతి వేళ్లు తిమ్మిరెక్కితే పట్టీ భుజం దగ్గర నరాన్ని నొక్కుతోందని అర్థం. సైనిక వైద్యులకి బాగా తెలిసిన ఇబ్బంది ఇది. వెంటనే దించండి, తర్వాతిసారి బరువు తగ్గించి వెడల్పు పట్టీల బ్యాగు చూడండి. రెండు రోజులైనా తిమ్మిరి పోకపోయినా, చెయ్యి పైకెత్తలేకపోయినా డాక్టరుకి చూపించాలి.

మడమ వెనకో, వేళ్ల మధ్యో బొబ్బలొస్తే తప్పు నూలు సాక్సులది. తడిసిన నూలు చర్మాన్ని రాస్తుంది. సింథటిక్ సాక్సులు వేసి, రాసుకునేచోట ముందే వాజలైన్ పూయండి. బూటు ముందు బొటనవేలంత ఖాళీ ఉండాలి, బరువుతో పాదం కాస్త వెడల్పవుతుంది.

పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద సూదిలా గుచ్చుకుంటే సంచిని రెండు వారాలు పక్కన పెట్టండి. మోకాలి కింద ముందువైపు ఎముక పొడుగునా సలుపు ఉంటే వేగం, బరువు తగ్గిస్తే సర్దుకోవచ్చు. అదే ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుండి, విశ్రాంతిలో కూడా సలుపుతుంటే అది కండ నొప్పి కాదు. ఎముకకి సన్న పగులు అయ్యుండొచ్చు. దాని మీద ఒక్క రోజు కూడా నడవకుండా ఎక్స్‌రేకి వెళ్లండి. మొదటి రోజుల్లో పగులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, నొప్పి అలాగే ఉంటే మళ్లీ చూపించుకోవాలి.

ఇంటికొచ్చాక బ్యాగులోంచి బరువు తీసి పట్టీలు తడిగుడ్డతో తుడిచి ఆరేయండి. చెమట ఉప్పు పేరుకుంటే పట్టీ గరుకెక్కి మెడ దగ్గర చర్మం ఒరుసుకుపోతుంది. బియ్యం ప్యాకెట్టు టేపుని నెలకోసారి చూడండి. పురుగు పట్టిందంటే బ్యాగు కుట్లలో కూడా దూరుతుంది.