పాత ప్లాన్లు పాడవుతున్నాయా? ముందు షీటు ఏదో చూడండి

నీలం మీద తెల్లగీతలుంటే బ్లూప్రింట్. లేత కాగితం మీద నీలం గీతలో ఊదా గీతలో ఉంటే అమ్మోనియా ప్రింట్. ఆఫీసుల్లో రెండింటినీ బ్లూప్రింట్ అనే అంటాం, తిప్పలన్నీ అక్కడే మొదలు.

బ్లూప్రింట్ నీలం వెలిసిపోతోంది

వెలుతురు తగిలి వెలిస్తే కంగారొద్దు. చీకట్లో పెడితే రంగు కొంతవరకు తిరిగొస్తుంది. చీకట్లో ఉన్నా పాలిపోతుంటే కవరును అనుమానించండి. "యాసిడ్ ఫ్రీ" అని అమ్మే కవర్లలో చాలావాటికి క్యాల్షియం కార్బొనేట్ అనే క్షారం కలుపుతారు, దాన్నే బఫర్ అంటారు. మామూలు కాగితానికి అది మేలే. కానీ ఈ నీలం 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన సయనోటైప్ పద్ధతిలో వచ్చే ఇనుప రంగు, దానికి క్షారం పడదు. ఖరీదెక్కువ కదా మంచివే అయ్యుంటాయని నేనూ అవే కొన్నాను. "బఫర్ లేనివి" అని అడిగి తీసుకోండి.

పక్క షీట్లకు గోధుమ రంగు మరకలు

అమ్మోనియా ప్రింట్ పనే. అందులో మిగిలిన రసాయనాలు పక్కవాటికి ఎక్కుతాయి. విడి ఫోల్డరులో, విడి సొరుగులో పెట్టండి. వెనిగర్ వాసన వస్తుంటే మాత్రం అది అసిటేట్ ఫిల్మ్, అంటే ప్లాస్టిక్ లాంటి షీటు. వెంటనే వేరుచేసి, స్కాన్ చేయించి, చల్లటి చోట ఉంచాలి.

ట్రేసింగ్ పేపర్ చుట్ట విప్పుతుంటే చిట్లుతోంది

అక్కడే ఆపండి. కాగితం ఎండి పెళుసెక్కి, చుట్టలాగే బిగిసిపోయింది. ఇస్త్రీ జోలికి పోవద్దు. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున కాసిని నీళ్లు పోసి, పైన బుట్ట నిలబెట్టి, చుట్టకు తడి తగలకుండా అందులో పెట్టండి. గంటకోసారి చూస్తుంటే కొన్ని గంటల్లో మెత్తబడుతుంది. తర్వాత బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు కింద ఆరనివ్వాలి. ఏ0 షీటు 841 × 1189 మి.మీ. ఉంటుంది, కాబట్టి బల్ల ముందే ఖాళీ చేసుకోండి. రాత్రంతా డబ్బాలో వదిలేస్తే బూజు పడుతుంది. రంగు ఇంకు, రబ్బరు స్టాంపు ఉన్నవాటికి ఈ వైద్యం వద్దు, ఇంకు పాకుతుంది.

సెల్లోటేపు కనిపిస్తే పీకకండి, గీత కూడా ఊడొస్తుంది. అది కన్జర్వేటర్ పని, అంటే పాత కాగితాలను బాగుచేసే నిపుణుల పని.

క్యాడ్ (కంప్యూటర్ డ్రాయింగ్) ఫైలు తెరిస్తే సగం గీతలు లేవు

ఫైలు పాడవ్వలేదు. అది పిలిచే ఎక్స్‌రెఫ్ ఫైళ్లను, అంటే అందులో జోడించి చూపే వేరే డ్రాయింగులను, ఎవరూ కాపీ చేయలేదు. పాత కంప్యూటరులోని ఫోల్డరంతా పేర్లు మార్చకుండా తెచ్చుకోండి. ఆటోక్యాడ్‌లోని ఈట్రాన్స్‌మిట్ అనే కమాండ్ జత ఫైళ్లను, ఫాంట్లను ఒకచోట చేరుస్తుంది. పీడీఎఫ్/ఏ (ఏళ్ల తరబడి దాచుకోడానికి చేసిన పీడీఎఫ్ రకం) కాపీ కూడా తీయండి. అది ఉందిగదా అని డీడబ్ల్యూజీని, అంటే ఆటోక్యాడ్ అసలు ఫైలును, డిలీట్ చేయొద్దు. రేపు ఇంజినీరు వచ్చి అడిగేది దాన్నే.