ప్లాటినం ప్రింటుకి (ప్లాటినం లవణాల పూతతో కాగితం మీద తీసే ఫొటో ప్రింటు) కాగితం తయారుచేసే ముందు జాగ్రత్తలు

• కాగితం నూరు శాతం పత్తిది కావాలి, అందులో సుద్ద (కాల్షియం కార్బనేట్) ఉండకూడదు. ఆర్చెస్ ప్లాటీన్ లాంటివి ఈ పనికోసమే చేసినవి. డబ్బు పెట్టగలిగితే అవే కొనండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

• సుద్ద ఉన్న కాగితమే దొరికితే 1–2% ఆక్సాలిక్ ఆమ్లంలో ముంచాలి. బుడగలు వస్తున్నాయంటే సుద్ద ఇంకా ఉన్నట్టే. అవి ఆగేదాకా తీయొద్దు. తర్వాత కడిగి పూర్తిగా ఆరబెట్టాలి.

• ఈ ఆమ్లం విషం. పొడి తూచేటప్పుడు మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. వాడిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు, కడిగినా సరే.

• కాగితం పూత మందును మరీ పీల్చేస్తుంటేనే జెలటిన్ సైజింగ్ (పీల్చడం తగ్గేలా కాగితానికి జెలటిన్ పట్టించడం). జెలటిన్‌ని ముందు చన్నీళ్లలో నానబెట్టి, తర్వాత 50 డిగ్రీల దగ్గర కరిగించండి. మరిగిస్తే బంక పట్టు పోతుంది.

• పూత వేసే వైపు మూలన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

• ఇనుప పట్టీ ఉన్న బ్రష్ వద్దు, మచ్చలు పడతాయి.

• ఏసీ గదిలో కాగితం మరీ ఎండిపోతుంది. పూతకి ముందు గాలిలో తేమ 50–60% ఉండేలా చూడండి.

• ప్లాటినం లవణాల అలర్జీ మొదలైతే ఆస్తమా దాకా వెళ్లొచ్చు. పూత వేసేటప్పుడూ గ్లౌజులు తీయొద్దు.