కొత్త ల్యాప్‌టాప్ నచ్చలేదా? మార్చాలో వద్దో ఇలా తేల్చుకోండి

ల్యాప్‌టాప్ కొన్న మొదటి వారంలో టెన్షన్ రెండు రకాలుగా వస్తుంది. ఇది సరిగ్గా పనిచేస్తోందా అన్నది ఒకటి. అదే డబ్బుకు ఆఫీసులో ఇంకొకరు ఇంతకంటే మంచిది కొన్నారని తెలియడం రెండోది. రెండోదానికి ధరలు చూడటం మానేయడమే మందు. మొదటిదాన్ని మాత్రం ఒక వరసలో తేల్చుకోవచ్చు.

1. బిల్లు తీసి గడువు చూడండి

ఆన్‌లైన్‌లో కొంటే రిప్లేస్‌మెంట్ ఎప్పటివరకో ఆర్డర్ వివరాల్లోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లకు చాలాసార్లు అది వారం, పది రోజులే. అదీ లోపం ఉంటేనే. ‘నచ్చలేదు’ అంటే వెనక్కి తీసుకునేవాళ్లు అరుదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నారా? షాపు ఆయన నోటిమాటగా ఏం చెప్పినా, బిల్లు మీద రాసిందే లెక్క.

విషయం తేలేదాకా అట్టపెట్టె, ప్యాకింగ్ పారేయకండి. ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చిన ఎంఎస్ ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను కూడా యాక్టివేట్ చేయకండి. ఒకసారి చేస్తే ఆ లైసెన్సు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాకు అతుక్కుపోతుంది.

2. ఒక రాత్రి దాన్ని వదిలేయండి

కొత్త మెషీన్ మొదట్లో నెమ్మదిగా ఉండటం, ఫ్యాన్ గోల పెట్టడం మామూలే. లోపల విండోస్ అప్‌డేట్లు దిగుతుంటాయి, ఫైళ్ల ఇండెక్సింగ్ జరుగుతుంటుంది. చార్జర్ పెట్టి, వైఫై కలిపి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి వదిలేయండి. పొద్దున్నే అప్‌డేట్లన్నీ పూర్తిచేసి రీస్టార్ట్ చేయండి. కంపెనీ ముందే ఎక్కించిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసేయండి. విండోస్‌కు సొంత రక్షణ ఉంది. ‘స్లో’ అన్న ఫిర్యాదుల్లో చాలా భాగం ఇక్కడే పోతుంది.

3. మీ ఇబ్బంది మార్చగలిగేదా, మార్చలేనిదా?

అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది. ర్యామ్ (తెరిచిన పనుల్ని మోసే మెమరీ, తీయగలిగే రకమైతే), ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్), విండోస్ సెట్టింగులు తర్వాత మార్చుకోవచ్చు. స్క్రీన్, కీబోర్డు, బరువు, ఫ్యాన్ చప్పుడు, బోర్డుకు అతికించిన ప్రాసెసర్ మాత్రం ఉన్నంతకాలం అలాగే ఉంటాయి.

ముందు ర్యామ్ చూడండి. మీరు రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరవండి: బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు, టీమ్స్ కాల్, అమీర్‌పేట కోచింగ్‌కు వెళ్తుంటే అక్కడ వాడే సాఫ్ట్‌వేర్. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్, ఆపై మెమరీ నొక్కండి. వాడకం 90 శాతం దాటి అక్కడే నిలబడితే ర్యామ్ చాలడం లేదని అర్థం. అదే పేజీ కింద ‘ఫామ్ ఫ్యాక్టర్’ అని ఉంటుంది. దాని పక్కన ‘సోడిమ్’ అని ఉంటే అది తీసి పెట్టగలిగే ర్యామ్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే బోర్డుకు టంకం వేసింది, దాన్ని మార్చలేరు. 8 జీబీ టంకం ర్యామ్, విడిగా స్లాట్ కూడా లేదు, మీ పనేమో యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోతో అంటే, అది కచ్చితంగా మార్చాల్సిన మెషీనే.

స్క్రీన్ విషయంలో రాజీపడొద్దనే నా సలహా. తక్కువ ధర మోడళ్లలో చాలావాటి వెలుతురు 250 నిట్స్ (వెలుతురు కొలత), రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత). ఎక్సెల్‌కు, కోడింగ్‌కు చాలు. పెళ్లి ఫొటోలు ఎడిట్ చేసేవాళ్లకు చాలదు, ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు. కిటికీ పక్కన పగటిపూట కూర్చుని ఓ గంట చదివి చూడండి. కళ్లు చికిలించాల్సి వస్తే రేపూ అంతే.

బ్యాటరీకి చిన్న పరీక్ష ఉంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘పవర్‌సీఎఫ్‌జీ’, ఒక స్పేస్, స్లాష్, దానికి ఆనుకుని ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కండి. తయారయ్యే ఫైల్‌లో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ కనిపిస్తాయి. కొత్తదానిలో రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. రెండోది బాగా తక్కువగా ఉంటే అది మీ అసంతృప్తి కాదు, లోపం.

4. మార్పిడి ఖర్చు లెక్కేయండి

వెనక్కి ఇవ్వడం కుదరకపోతే దాన్ని అమ్మి ఇంకొకటి కొనాలి. ఉదాహరణకు 58,000 రూపాయలకు కొన్నారనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ వాటా సుమారు 8,800. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఆ పన్ను మీకు తిరిగివ్వరు కాబట్టి, పెట్టె తెరిచిన రోజే ధర పడిపోతుంది. షాపు 38,000 ఇస్తానంటే మార్పిడికే 20,000 ఖర్చు, కొత్తదాని అదనపు ధర దానిమీద. మూడేళ్లు వాడతారనుకుంటే నెలకు 555 రూపాయలు. రోజూ ఎనిమిది గంటలు చూసే స్క్రీన్ కోసమైతే పెట్టొచ్చు. ప్రాసెసర్ ఒక తరం కొత్తదన్న ఆనందం కోసమైతే దండగ. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, అయినా ఒక ర్యామ్ స్టిక్ ధర కూడా పక్కన రాసుకుని పోల్చండి. నో కాస్ట్ ఈఎంఐలో కొన్నవాళ్లు ప్రాసెసింగ్ ఫీజు తిరిగి రాదనే లెక్కేసుకోవాలి.

5. లోపమైతే అడిగే పద్ధతి వేరు

సమస్యను వీడియో తీయండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చూపించి, లోపం ఉందని రాతపూర్వకంగా తీసుకోండి. డబ్బా తెరిచినప్పుడే పాడై ఉంటే ఇచ్చే డీఓఏ పత్రం షాపుల్లో బాగా పనికొస్తుంది. బిల్లు కింద ‘నో ఎక్స్‌చేంజ్, నో రిఫండ్’ అని ముద్రించి ఉందని వెనక్కి రాకండి. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేమీ లేకపోతే 30 రోజుల్లో తీసుకోవాలి. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 5 లక్షల రూపాయల లోపు కేసుకు ఫీజు లేదు.

6. మార్చడమే అని తేలితే

కొత్తదాన్ని కళ్లతో చూసి, దానిమీద నాలుగు లైన్లు టైప్ చేసి కొనండి. పూర్తి మోడల్ నంబరు రాసుకోండి, ఎందుకంటే ఒకే సిరీస్ పేరుతో వేరువేరు స్క్రీన్లు అమ్ముతారు. షోరూమ్‌లో చూసిన పేరే ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తే, చివరి అక్షరాల దాకా సరిపోల్చండి.

పాతది ఇచ్చే ముందు ఫైళ్లు కాపీ చేసుకుని, సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీలోకి వెళ్లి రీసెట్ నొక్కి ‘రిమూవ్ ఎవ్రీథింగ్’ ఎంచుకోండి. అదనపు సెట్టింగుల్లో డ్రైవ్ క్లీన్ చేసే ఆప్షన్ కూడా పెట్టండి. దీనికి కొన్ని గంటలు పట్టొచ్చు కాబట్టి షాపు కౌంటర్ దగ్గర నిలబడి కాదు, ముందురోజు ఇంట్లోనే చేసుకోండి.