క్రాస్‌ఓవర్‌లో చిక్కుకున్న కామిక్స్ పాఠకులకు: సమస్యలు, పరిష్కారాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సూపర్‌హీరో కామిక్స్ చదివే తెలుగువాళ్లకు విడి సంచికలు సులువుగా దొరకవు. విశాఖపట్నం వెళ్లేవాళ్లకు జాబితా రాసివ్వాలి, లేదా పార్సిల్ కోసం ఎదురుచూడాలి. అంత శ్రమపడి తెచ్చుకున్న పుస్తకంలో సగం కథే ఉంటే కోపం రావడం న్యాయమే. క్రాస్‌ఓవర్ అంటే ఇదే: ఒకే కథ ఒక ప్రధాన సిరీస్‌లోనూ, పలు హీరోల సొంత సిరీస్‌లలోనూ చెదిరి ఉంటుంది.

సమస్య: హీరో ఉన్నట్టుండి మారిపోయాడు, కారణం పుస్తకంలో లేదు.

కారణం: ఆ మలుపు వేరే సిరీస్‌లో ఉంది. ఇది పాత జబ్బు. స్పైడర్‌మాన్ నల్ల దుస్తులు అతని సొంత సిరీస్‌లో 1984 మే సంచికకే వచ్చేశాయి. అవి ఎలా వచ్చాయో చూపిన ‘సీక్రెట్ వార్స్’ 8వ సంచిక మీద ఉన్నది డిసెంబరు తేదీ. అప్పటి పాఠకులు అన్ని నెలలు ఆగారు. మనం ఆగనక్కర్లేదు.

పరిష్కారం: మీ సిరీస్‌ను అక్కడే ఆపి, ప్రధాన కథ సంకలనాన్ని ముందు చదవండి. కొనేముందు వెనక అట్ట చూడండి. లోపల ఏ సంచికలున్నాయో చాలావరకు అక్కడే అచ్చువేస్తారు.

సమస్య: అన్నీ కొనాలంటే డబ్బు చాలదు.

కారణం: అన్నీ కొనాలనిపించేలాగే వీటిని అల్లుతారు. 2006లో మొదలైన ‘సివిల్ వార్’ క్రాస్‌ఓవర్ ప్రధాన కథ 7 సంచికలే. దాని చుట్టూ వచ్చిన అనుబంధ సంచికలు అంతకు ఎన్నో రెట్లు.

పరిష్కారం: ప్రధాన సంకలనం, మీ హీరో సంకలనం, ఈ రెండూ చాలు. ‘సివిల్ వార్’ 2వ సంచికలో స్పైడర్‌మాన్ అందరి ముందు ముసుగు తీస్తాడు. దాని తర్వాత అతని ఇంట్లో ఏం జరిగిందో తెలియాలంటే అతని పుస్తకం కావాలి. మిగతా హీరోలవి మొహమాటం లేకుండా వదిలేయండి. బరంపురంలో ఒకరు ఒకటి, పర్లాకిమిడిలో మరొకరు రెండోది కొని మార్చుకుంటే ఖర్చు సగమవుతుంది.

సమస్య: ముగింపు ముందే తెలిసిపోయింది.

కారణం: ఆలస్యం. పాత పేరుతోనే 2015లో మొదలైన మరో ‘సీక్రెట్ వార్స్’ చివరి సంచిక 2016 జనవరిలో వచ్చింది. దాని తర్వాతి కాలపు కొత్త సిరీస్‌లు 2015 అక్టోబరులోనే మొదలైపోయాయి.

పరిష్కారం: మొత్తం పూర్తయ్యాకే కొనండి.

సమస్య: చనిపోయినవాళ్లు తిరిగివస్తారు, ఏడ్చిందంతా వృథా అనిపిస్తుంది.

దీనికి నా దగ్గర మందు లేదు. ‘సివిల్ వార్’ వెనువెంటనే 2007లో కెప్టెన్ అమెరికా స్టీవ్ రోజర్స్‌ను చంపారు, కొన్నేళ్లకే వెనక్కి తెచ్చారు. అయితే ఆ మధ్యకాలంలో పాత నేస్తం బకీ కెప్టెన్ అమెరికాగా అతని డాలును మోసిన కథలు నాకు ఆ క్రాస్‌ఓవర్ కంటే ఎంతో విలువైనవి. చావును నమ్మకపోయినా, ఆ కథలను మాత్రం వదులుకోకండి.